వంతు కోసం ఎదురుచూపులోనే గొడవ మొదలవుతుంది

సంపాదకులకు,

టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆటల గురించి పత్రికల్లో వచ్చే రాతల్లో రంగురంగుల పాచికలు, డ్రాగన్ బొమ్మలు, ఊహాలోకాలు బోలెడన్ని కనబడతాయి. మొదలైన ఆట మధ్యలో ఎందుకు ఆగిపోతుందో మాత్రం ఎవరూ రాయరు. ఉత్సాహంగా ఐదుగురు కూర్చుంటారు. నాలుగైదు వారాలు తిరిగేసరికి ఒకరు ఫోన్‌లో మునిగి ఉంటారు, ఇంకొకరు "ఇది తొండి" అని మొహం ముడుచుకుంటారు, ఆ తర్వాతి వారం బల్ల ఖాళీ. ఆట నడిపే గేమ్ మాస్టర్లు వీటిని రెండు వేరువేరు జబ్బులుగా చూస్తారు. ఫోన్ చూసేవాడికి శ్రద్ధ లేదని, అలిగినవాడిది తగవులమారి బుద్ధని తేల్చేస్తారు. ఈ నిర్ధారణ తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఆటగాడు తన వంతు కోసం ఖాళీగా కూర్చున్న నిమిషాల్లోనే ఈ రెండూ పుడతాయి. అక్కడ ధ్యాస పోతుంది. ధ్యాస పోయినప్పుడు చెవిన పడని సంగతే అరగంట తర్వాత అన్యాయంగా తయారవుతుంది.

ఎన్నడూ ఆడని పాఠకుల కోసం రెండు ముక్కలు. లోకాన్ని వర్ణించడం, శత్రువులను నడపడం, నియమాలు తేల్చడం గేమ్ మాస్టర్ పని. మిగతావాళ్లు తలా ఒక పాత్రను పట్టుకుని ఏం చేస్తామో నోటితో చెబుతారు. ఫలితం ఎటైనా పోయేలా ఉన్నచోట పాచిక వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ పద్ధతి అచ్చులోకి వచ్చింది. దీని పూర్వీకులు యుద్ధక్రీడలు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ అచ్చువేసిన యుద్ధక్రీడలో రెండు పక్షాలకూ నడుమ ఒక అంపైర్ ఉండేవాడు, అతనికి ఏ పక్షమూ లేదు. రోల్‌ప్లే ఆటకు వచ్చేసరికి ఆ అంపైర్ చేతికే శత్రువులను కూడా అప్పగించారు. తీర్పు చెప్పే మనిషే ఎదురు నిలిచి కొట్టే మనిషి కూడా. అలాంటి ఏర్పాటులో పక్షపాతం అన్న అనుమానం రాకపోతేనే వింత. కాబట్టి ఆ మాట వినబడగానే గేమ్ మాస్టర్ మనసు కష్టపెట్టుకోవలసిన పని లేదు, కారణం వెతకవలసిన పని ఉంది.

ముందు ఎదురుచూపు లెక్క చూద్దాం. ఐదుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్. పోరాటంలో ఒక్కో ఆటగాడు వంతుకు 4 నిమిషాలు, శత్రువులందరి వంతులకూ కలిపి గేమ్ మాస్టర్ 6 నిమిషాలు తీసుకుంటే ఒక రౌండు, అంటే అందరి వంతులూ ఒకసారి తిరగడం, 26 నిమిషాలు. అంటే తన వంతు ముగిశాక ఆటగాడు మళ్లీ నోరు తెరవడానికి 22 నిమిషాలు ఆగాలి. నాలుగు రౌండ్ల పోరాటం గంటా నలభై నాలుగు నిమిషాలు సాగితే అందులో అతను ఆడింది 16 నిమిషాలు. ఆ పోరాటం కథలో అరనిమిషమైనా ఉండదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ఒక రౌండంటే ఆరు సెకన్లే. ఇరవై రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎంత బుద్ధిమంతుడి చెయ్యయినా ఫోన్ వైపే పోతుంది. అదే వంతును ఒక నిమిషానికీ, గేమ్ మాస్టర్ వాటాను రెండు నిమిషాలకూ దించితే రౌండు 7 నిమిషాలు, ఎదురుచూపు 6. ఫోన్‌ను నిషేధించకుండానే ఫోన్ అవసరం తగ్గిపోతుంది.

దించడం ఎలా? వంతు ఎందుకు సాగుతుందో గమనిస్తే దారి కనబడుతుంది. ఆటగాడు తన వంతు వచ్చాకే ఆలోచించడం మొదలుపెడతాడు, అసలు ఆలస్యం ఇదే. అందుకని ప్రతి వంతుకూ రెండు పేర్లు పిలవాలి: "ఇప్పుడు విలుకాడు, తర్వాత మంత్రగత్తె." రెండో పేరు విన్న మనిషి మంత్రం వివరం తెరిచి పెట్టుకుంటుంది, దూరం కొలుచుకుంటుంది. తగిలిందా లేదా చెప్పే దాడి పాచికనూ, ఎంత గాయమో చెప్పే దెబ్బ పాచికలనూ విడివిడిగా వేయడం ఇంకో ఆలస్యం. రెండూ ఒకేసారి వేసి, తగలకపోతే దెబ్బను వదిలేస్తే సరిపోతుంది. వేర్వేరు రంగుల పాచికలు ఇందుకే పనికొస్తాయి, ఎరుపు మొదటి దాడికి, నీలం రెండోదానికి అనుకుంటే తికమక ఉండదు. గేమ్ మాస్టర్ వైపు నుంచి గాబ్లిన్‌లనే పొట్టి రాక్షసులు ఎనిమిది మంది దిగితే ఎనిమిది వంతులు పెట్టడం చాదస్తం. నలుగురికి ఒక వంతు చాలు. దెబ్బకు కూడా పాచిక వేయకుండా నియమాల పుస్తకంలో ఇచ్చిన సగటునే వాడుకోవచ్చు. ఆరు ముఖాల పాచికకు రెండు కలిపే దెబ్బను పుస్తకమే 5 అని అచ్చువేసింది. ఆటగాడు కూడా ఎనిమిది ఆరుముఖాల పాచికల అగ్నిగోళాన్ని ప్రతిసారీ కూడుకుంటూ కూర్చోకుండా, తనకిష్టమైతే 28 అని చెప్పేయవచ్చు.

నిమిషం దాటినా తేల్చుకోలేని ఆటగాణ్ని ఏం చేయాలి? గద్దించకూడదు. "తప్పుకుని కాచుకో" అన్న డాడ్జ్ చర్యను అతని తరఫున రాసేసి పక్కవాళ్లకు వెళ్లిపోవాలి. ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పి ఉండాలి. చెప్పకుండా చేస్తే అదే ఒక తగవు. నియమాలు ఇంకా వంటబట్టని కొత్తవారికి మొదటి రెండు మూడు సెషన్లు దీన్నుంచి మినహాయింపు ఇవ్వాలి.

పోరాటం లేనప్పుడు కూడా జట్టు రెండుగా చీలితే ఇదే తంటా. ఇద్దరు కోటలోకి దూరారు, ముగ్గురు అడవిలో ఉండిపోయారు. కోట సన్నివేశం నలభై నిమిషాలు నడిస్తే అడవిలోని ముగ్గురూ ప్రేక్షకులే. ఐదు నుంచి ఏడు నిమిషాలకొకసారి కథను అటూ ఇటూ తిప్పాలి. తాళం తిరుగుతున్న చప్పుడు వినబడిన చోట ఆపి అడవికి వెళ్తే, ఆగినవాళ్లూ ఏమవుతుందోనని చెవులు రిక్కిస్తారు. గంటన్నరకు ఒకసారి పది నిమిషాల విరామం తప్పనిసరి. ఫోన్లు, కబుర్లు, కాళ్లు చాపుకోవడాలు అప్పుడే.

ఇంత చేసినా కొందరి చూపు బల్ల మీద ఉండదు. అక్కడ తొందరపడకూడదు. బొమ్మలు గీస్తూనో, ఊలు అల్లుతూనో, పాచికలను గోపురంలా పేరుస్తూనో వినేవాళ్లుంటారు. చేతికి పని ఉంటేనే చెవి పనిచేసే మనుషులు వాళ్లు. పరీక్ష ఒక్కటే: వంతు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో తెలుసా, లేదా? తెలిస్తే వదిలేయాలి. తెలియకపోతే ఆ మనిషికి ఒక బాధ్యత ఇవ్వాలి. వంతుల పట్టీ చదవడం, పటం గీయడం, దొరికిన సొత్తు లెక్క రాయడం, తగవు వచ్చినప్పుడు పుస్తకంలో నియమం వెతకడం లాంటివి. వంతుల పట్టీ పట్టుకున్న మనిషి పరధ్యానంగా ఉండడానికి వీలే లేదు, నిమిషానికోసారి పేరు పిలవాలి కదా. ఫోన్లో పాత్ర వివరాలు ఉంచుకునేవారికి వాటిని కాగితం మీద అచ్చు వేసి ఇస్తే సగం గొడవ తీరుతుంది. నియమం చూడ్డానికి తెర వెలిగించిన వేలు సందేశాల మీదికి జారడానికి రెండు సెకన్లు పట్టదు.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగితే పరధ్యానంలో ఉన్న మనిషి "ఆఁ? ఎక్కడున్నాం?" అంటుంది, నలుగురూ నిట్టూరుస్తారు, ఆమెకు తలకొట్టేసినట్టవుతుంది. "వైద్యురాలు నీ కాళ్ల దగ్గర పడిపోయి ఉంది, గుమ్మంలో ఒకడు ఆమె మీదికి బాణం ఎక్కుపెట్టాడు, నీకూ వాడికీ మధ్య పదడుగులు. ఏం చేస్తావు?" అని అడిగితే, అప్పటిదాకా విన్నా వినకపోయినా ఆమె జవాబు చెప్పగలదు. పది సెకన్ల ఈ వర్ణన ఎవరి పరువూ తీయకుండా ఆ మనిషిని మళ్లీ కథలోకి తెస్తుంది.

ఇక తొండి దగ్గరికి వద్దాం. చాలా తగవుల్లో ఎవరూ తొండి ఆడి ఉండరు. ఇద్దరి తలల్లో రెండు వేర్వేరు దృశ్యాలు ఉంటాయి, అంతే. గేమ్ మాస్టర్ "వంతెన తెగిపోయింది, అవతలి గట్టున దొంగ పరిగెడుతున్నాడు" అంటుంది. ఆటగాడు "దూకేస్తా" అంటాడు. ఇరవై ముఖాల పాచిక మీద 14 పడుతుంది. "చాలదు. అరవై అడుగుల లోయలో పడ్డావు, ఆరు పాచికల దెబ్బ." ఆటగాడు భగ్గుమంటాడు. అతని ఊహలో ఉన్నది గెంతితే దాటే పిల్లకాలువ. గేమ్ మాస్టర్ ఊహలో ఉన్నది పాతాళం. ఆరుముఖాల పాచికలు ఆరింటి సగటు 21, అప్పుడే ఆట మొదలుపెట్టిన మొదటి స్థాయి పాత్ర కుప్పకూలడానికి అది ఎక్కువే. లోయ అని ముందు ఒకసారి చెప్పే ఉండవచ్చు, అప్పుడతను ఇరవై రెండు నిమిషాల ఎదురుచూపులో ఉన్నాడు.

దీనికి మందు పాచిక కదలకముందే వేయాలి. "గండి 18 అడుగుల వెడల్పు. నీ బలం 12, కాబట్టి పరిగెత్తి దూకితే 12 అడుగులు పాచిక లేకుండానే దాటగలవు, మిగతాది ప్రయత్నం. 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అవతలి అంచు చేతికి దొరుకుతుంది. తక్కువ పడితే అరవై అడుగుల కిందికి. దూకుతావా?" ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఏం ఎదురుగా ఉంది, ఎంత పడాలి, గెలిస్తే ఏమిటి, ఓడితే ఏమిటి. ఇవి విన్నాక వెనక్కి తగ్గే హక్కు ఆటగాడికి ఉండాలి. అతని పాత్ర ఆ గట్టు మీదే నిలబడి లోయను కళ్లారా చూస్తోంది కదా, ఆటగాడికి తెలియనంత మాత్రాన పాత్రకు తెలియకుండా పోదు. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆట ఈ అలవాటును నియమంగానే రాసుకుంది: పాచిక వేయకముందే ప్రమాదం ఎంతటిదో, ఫలం ఎంత దక్కుతుందో గేమ్ మాస్టర్ బయటికి చెప్పాలి. ఏ ఆట ఆడేవారైనా దీన్ని అరువు తెచ్చుకోవచ్చు. "లక్ష్యసంఖ్య చెప్పేస్తే ఉత్కంఠ పోతుంది" అనే గేమ్ మాస్టర్లతో మేం ఏకీభవించం. 15 కావాలని అందరికీ తెలిసినప్పుడే పాచిక దొర్లుతుంటే బల్ల చుట్టూ ఊపిరి బిగబడతారు.

నియమం మీదే వాదన వస్తే గడియారం చూసి రెండు నిమిషాలు. ఇటొకరు, అటొకరు ఒక్కోసారి చెబుతారు, పుస్తకం బాధ్యత ఉన్న మనిషి వెతుకుతుంది. దొరక్కపోతే గేమ్ మాస్టర్ తాత్కాలిక తీర్పు చెప్పి, కాగితం మీద రాసి, ఆట సాగించాలి. సెషన్ అయ్యాక చూసి సరైన నియమాన్ని వచ్చేసారి నుంచి అమలు చేయాలి, జరిగిపోయినదాన్ని తవ్వకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. పాత్ర ప్రాణం ఆ తీర్పు మీద ఆధారపడితే ఎంతసేపైనా ఆగి పుస్తకం చూడాల్సిందే, నెలల తరబడి పెంచుకున్న పాత్రను తొందరపాటుకు బలిపెట్టకూడదు. "అయ్యో, నా దగ్గర కవచమంత్రం ఉంది, మరిచిపోయా" అనేవారికి గీత ఎక్కడ? తర్వాతి మనిషి పాచిక బల్లను తాకేవరకు వెనక్కి తీసుకోవచ్చు, తాకాక లేదు. ఈ గీత గేమ్ మాస్టర్‌కూ వర్తించాలి. శత్రువు శక్తిని మరిచిపోతే అది మరుపే.

"ఈ పాచిక నా మీద పగబట్టింది" అన్న ఫిర్యాదును నవ్వి వదిలేయకుండా లెక్క చూపించాలి. ఇరవై ముఖాల పాచికలో ఒక్కో ముఖానికీ 5 శాతం అవకాశం. ఇరవైసార్లు వేసినా ఒక్క 20 కూడా పడకపోయే అవకాశం దాదాపు 36 శాతం. ఐదుగురు తలా ఇరవైసార్లు వేస్తే, వారిలో కనీసం ఒకరికి ఒక్క 20 కూడా పడకపోవడానికి 89 శాతం అవకాశం ఉంది. అంటే దాదాపు ప్రతి సెషన్లోనూ ఎవరో ఒకరు తమకే అన్యాయం జరిగిందనుకుంటూ లేస్తారు. పాచిక మీదే నిజంగా అనుమానముంటే 200 సార్లు వేసి ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో రాయండి. ఒక్కోటి సుమారు పదిసార్లు రావాలి. ప్రతి ముఖానికీ పదితో ఉన్న తేడాను వర్గం చేసి, పదితో భాగించి, ఇరవై ముఖాలవీ కూడితే మొత్తం 30.14 దాటకూడదు. దాటితే మళ్లీ 200 సార్లు వేయండి, మంచి పాచిక కూడా ఇరవైలో ఒకసారి దాటుతుంది. రెండోసారీ దాటితే ఆ పాచికను పక్కన పెట్టేయవచ్చు. ఉప్పునీళ్లలో తేల్చి చూసే పరీక్ష లోపల గాలిబుడగ ఉందేమో సూచిస్తుందే తప్ప, బల్ల మీద ఎలా దొర్లుతుందో చెప్పదు.

పాచిక మంచిదే, చేయి మంచిది కాదన్న అనుమానం వస్తే ఎవరినీ వేలెత్తి చూపకుండా బల్ల నడుమ ఒక పళ్లెం పెట్టాలి. అందులో పడిందే లెక్క. కింద పడినా, దేనికైనా ఆని వంకరగా నిలిచినా మళ్లీ వేయాలి. వేసిన మనిషి పాచిక తీసేలోగా పక్క మనిషి అంకె పైకి చదవాలి. ఇది అందరికీ ఒకే నియమం కాబట్టి ఎవరూ దొంగ అనిపించుకోరు, దొంగాట ఉంటే దానంతట అదే ఆగిపోతుంది.

గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే అట్ట తెర వెనక పాచిక అంకెలు మార్చడం ఇంతకన్నా పెద్ద సమస్య. దయతో మార్చినా, కథ బాగుండాలని మార్చినా, ఒకసారి పసిగట్టాక ఆటగాళ్లు ప్రతి గెలుపునూ శంకిస్తారు. నచ్చిన మనిషిని కాపాడి నచ్చని మనిషిని వదిలేశారన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. దాడులు, దెబ్బలు అందరి ముందూ వేయాలి. దాగిన మనిషి అడుగుల చప్పుడు వినబడిందా లాంటి, పాచిక చూస్తేనే గుట్టు తెలిసిపోయే వాటికి మాత్రమే తెర. పోరాటం మరీ కఠినమైపోతే అంకెను ముట్టుకోకుండా శత్రువు నడతను మార్చవచ్చు. వాళ్లు బందీలుగా పట్టుకోవచ్చు, బేరానికి దిగవచ్చు, దోచుకుని పారిపోవచ్చు.

పాత్రలు తయారుచేసే రోజునే కొన్ని అన్యాయాలు పాతుకుంటాయి. బలం, తెలివి లాంటి ఆరు గుణాలకు అంకెల వరుస కోసం ఒక్కోదానికి నాలుగు ఆరుముఖాల పాచికలు వేసి చిన్నదాన్ని తీసేసే పద్ధతిలో సగటు 12.24 అయినా, ఒకరికి అన్నీ పదహార్లు, ఇంకొకరికి అన్నీ పదులు పడవచ్చు. ఆ తేడాతో ఆటంతా కాపురం చేయాలి. వెనకబడిన పాత్ర ప్రయత్నాలు తప్పుతూ ఉంటే ఆ ఆటగాడి ధ్యాస తప్పడం ఎంతసేపు? పాచిక సరదా పోకూడదంటే ప్రతి ఒక్కరూ ఒక్కో వరుస వేయండి, బల్ల మీదున్న ఏ వరుసనైనా ఎవరైనా తీసుకోవచ్చని అనండి. లేదా పుస్తకంలోని 15, 14, 13, 12, 10, 8 వరుస ఉండనే ఉంది. రాలేకపోయిన మనిషి పాత్ర స్థాయి కూడా మిగతావారితో సమంగా పెరగాలి, పరీక్షల వల్లనో ఉద్యోగం వల్లనో రాకపోతే దానికి శిక్ష వేయడం తగదు. దొరికిన డబ్బు సమాన వాటాలు, జట్టు ఖర్చుకు అదనంగా ఒక వాటా. మాయవస్తువు పనికొచ్చేవారికి, ఇద్దరికి పనికొస్తే ఇంతవరకు తక్కువ దక్కిన మనిషికి.

తోటి పాత్ర జేబు కొట్టేసి "నా పాత్ర స్వభావమే అంత" అనేవారి విషయంలో మేం కాస్త కఠినంగానే ఉంటాం. ఆ స్వభావాన్ని రాసుకున్నది ఆ ఆటగాడే. ఒక ఆటగాడి పాత్ర మీద ఇంకొకరు చెయ్యి వేస్తే, ఏమైందో చెప్పే అధికారం దెబ్బ తగిలే పాత్ర ఆటగాడిదని మొదటి రోజే ఒప్పుకోవాలి. ఈ ఒక్క నియమంతో దొంగతనాలు సగానికి సగం ప్రయత్నం దాకా కూడా రావు.

మాటకారి ఆటగాడు అన్ని సన్నివేశాలనూ లాగేసుకుంటున్నాడన్న ఫిర్యాదుకు ఒక కాగితం, పెన్సిల్ చాలు. గేమ్ మాస్టర్ ఐదు పేర్లు రాసుకుని, ఎవరైనా ఒక నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ వారి పేరు పక్కన గీత పెట్టాలి. అరగంటకోసారి చూసి గీతలు తక్కువున్న పేరుతో తర్వాతి సన్నివేశం మొదలుపెట్టాలి. గేమ్ మాస్టర్ తన స్నేహితుడికో, జీవిత భాగస్వామికో తెలియకుండానే ఎక్కువ వెలుగు ఇస్తుంటే కూడా ఆ గీతలే పట్టిస్తాయి.

ఇవన్నీ చేశాకా ఒకరు ఎప్పుడూ ఎటో చూస్తూనే ఉంటే, అందరి ముందు కాకుండా విడిగా, ఆట లేని రోజున మాట్లాడాలి. "ఫోన్ ఎందుకు చూస్తున్నావు?" అని అడిగితే సమర్థింపే వస్తుంది. "ఏ భాగం వచ్చినప్పుడు నీకు హుషారుగా ఉంటుంది?" అని అడగాలి. కొందరికి పోరాటం, కొందరికి సంభాషణ, కొందరికి పొడుపుకథలు. ఆ బల్ల దగ్గర తనకు కావలసింది లేదని తేలితే, స్నేహం చెడకుండా ఆట మానుకునే దారి కూడా చూపించాలి.

ప్రతి సెషన్ చివర పది నిమిషాలు మిగుల్చుకుని రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు ఎక్కడ విసుగొచ్చింది, ఏ తీర్పు మింగుడుపడలేదు? అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషితో మొదలుపెట్టాలి. చివర అడిగితే "నాకేం లేదు" అనేస్తారు. గేమ్ మాస్టర్ ఆ పది నిమిషాలూ సంజాయిషీ ఇవ్వకుండా రాసుకోవాలి. మరుసటి సెషన్ మొదట్లో ఆ కాగితం తీసి, వాటిలో ఏది మారిందో, ఏది మారలేదో, ఎందుకో చదివి వినిపించాలి.

ఇట్లు,
టేబుల్‌టాప్ ఆటలు నడిపే కొందరు గేమ్ మాస్టర్లు